ఎనభై ఏడో పేరు

మొత్తం పదిహేడు ఫ్లాపీలు. వాటిలో పద్నాలుగు బూజు పట్టి పోయాయి. పదిహేను, పదహారేళ్ళ వయసులో నేను రాసిన తొమ్మిది ప్రోగ్రాములు వాటితోపాటే పోయాయి. క్రికెట్ స్కోరు లెక్కగట్టేది ఒకటి, ఏ తేదీ ఇచ్చినా ఏ వారమో చెప్పేది ఒకటి, పాము ఆట రెండు రకాలు. తక్కిన ఐదూ ఏమిటో నాకే గుర్తు లేదు. బాగున్న మూడు ఫ్లాపీల్లో రెండు ఖాళీవి. ఒక్కటే తెరుచుకుంది.

కిందటి నెల ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు మారుస్తుంటే అవి ఒక అట్టపెట్టెలో దొరికాయి. నేను షూటింగులకు రోజువారీ ప్రణాళికలు వేస్తాను. ఏ రోజు ఎంతమంది, ఎన్ని బళ్ళు, ఎన్ని భోజనాలు అన్నది నా పని. పాత డ్రైవు ఒకటి సంపాదించి లాప్‌టాప్‌కు తగిలించి ఫ్లాపీ తోశాను. కీచుమంటూ తిరిగి, ఆగి, ఎవరో గొంతు సవరించుకున్నట్టు మూడుసార్లు టకటకలాడింది. ముప్ఫై ఏళ్ళ కింద ఆ చప్పుడు ఆగగానే మెట్ల కింది నుంచి ఒక గొంతు అడిగేది: "ఏందిరా శీనూ, ఎంతమంది?"

ఆ గొంతు ప్రమీలక్కది. కృష్ణానగర్‌లో మేము అద్దెకున్న ఇంటి కింది గదిలో ఉండేది. సినిమాల్లో గుంపు సీన్లకు మనుషుల్ని పంపడం ఆమె పని. రోజూ తెల్లవారాక మా సందు చివరి గోడ దగ్గరికి జూనియర్ ఆర్టిస్టులు వచ్చి కూర్చునేవారు. రోజుకు ఇంచుమించు సగం మందికి పని దొరికేది. అందుకే వంతులు. వెళ్ళొచ్చినవాళ్ళ పేరు పట్టిక అడుక్కి పోయేది. ఆ పట్టికంతా అక్క తలలోనే ఉండేది. ఆమెది ఒకటే కఠినమైన నియమం: నా వంతు ఎప్పుడని నోరు తెరిచి అడిగినవాళ్ళు అడుక్కి పోతారు. అందుకని ఎవరూ అడిగేవారు కాదు.

మూతపడిన ఒక ప్రొడక్షన్ ఆఫీసు నుంచి అక్క పాత కంప్యూటర్ తెచ్చి మా గదిలో పెట్టించింది. "నీకు లెక్కలొస్తయ్ గదా. గీ డబ్బాకు నా తల్కాయ ఎక్కించు. నాకు యాది తప్పుతుంది" అంది. నాకు నేర్పేవాళ్ళు లేరు. అట్టలు ఊడిన పుస్తకం ఒకటి పట్టుకుని రెండు నెలల్లో వంతుల ప్రోగ్రాం రాశాను. పేర్లు వరసగా అచ్చువేసి కింద మొత్తం చూపించేది. అందులో నా సొంత తెలివి ఒకటి చేర్చాను. మూడుసార్లు పిలిచినా రానివారి పేరు దానంతట అదే పోతుంది. అది అక్కకు చెప్పాలని నాకు తోచలేదు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత మొత్తంలో ఒకటి ఎక్కువ రావడం మొదలైంది. కాగితం మీద పేర్లు ఎనభై ఆరు, కింద మొత్తం ఎనభై ఏడు. పేర్లు వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనభై ఆరే.

"ఏందిరా, ఇయ్యాల అందరు గావాల్నట, ఎన్ని అన్నం పొట్లాలు చెప్పాల్నో సమజైతలేదు. మేనేజర్లు నవ్వుతున్నరు" అంది అక్క.

"కంప్యూటర్ తప్పు చెయ్యదక్కా. నేనే ఎక్కడో చేశాను. ఇవాళ సరిచేస్తా."

ఆ రోజు పెద్ద సభ సీను. పట్టికలో ఉన్న అందరినీ రమ్మన్నారు. అక్క పేర్లు పిలిచేలోగా నేను గోడ దగ్గరికి వెళ్ళి తలలు లెక్కపెట్టాను. ఎనభై ఏడు. తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, నన్ను కూడా కలిపి లెక్కేసుంటానని. అక్క కాగితం చూసి పేర్లు పిలిచింది, వ్యాన్లు నిండి వెళ్ళిపోయాయి. పైకెళ్ళి కిటికీలోంచి చూస్తే గోడ చివర ఒకామె ఇంకా కూర్చునే ఉంది. మొహానికి పౌడరు, ఒళ్ళో సంచీ. తల తిప్పకుండా వ్యాన్లు పోయినవైపే చూస్తోంది. ఎవరి కోసమో ఆగిందనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని, తప్పు ఎక్కడుందో దొరక్క, మొత్తం చూపించే వరసలో 'ఒకటి తీసెయ్' అని రాశాను. లెక్క సరిపోయింది. మళ్ళీ కిటికీ వైపు చూస్తే గోడ దగ్గర ఎవరూ లేరు.

మర్నాడు అక్క కాగితం చూసి, "ఇయ్యాల సరిపోయింది. ఎట్ల చేసినవ్?" అంది.

"ఒకటి తీసేశానక్కా" అన్నాను గర్వంగా.

ఆమె కళ్ళెత్తి చూసింది. "ఎవర్ని?"

అక్క కాగితం మడిచి గోడ మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పాత పద్ధతిలో తలలోంచి పేర్లు పిలిచింది. ఎనభై ఆరుగురూ పలికారు. ఆమె ఇంకొక పేరు పిలిచింది. "వనజ." ఎవరూ పలకలేదు. గోడ చివర ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అటు ఎవరూ జరగలేదు. పక్కన కూర్చున్నామె నెమ్మదిగా అంది: "జ్వరమొచ్చి మూడు పిలుపులకు రాలే. తగ్గినంక రోజు వస్తనే ఉండె అక్కా. పేరు రాకపాయె. అడిగితే వంతు పోతదని అడగలే."

వనజ గది రెండు సందుల అవతల. అక్కా నేనూ వెళ్ళాం. నిన్న సాయంత్రమే ఖాళీ చేసి వెళ్ళిందని ఇంటివాళ్ళు చెప్పారు. ఎక్కడికో చెప్పలేదట. గది ఊడ్చినట్టుంది. అద్దం ఉండిన చోట, గోడమీద, కాటుక పెన్సిల్‌తో గీసిన నిలువు గీతలు. లెక్కపెట్టాను. ఇరవై మూడు.

నన్ను తిడుతుందనుకున్నాను. అక్క ఆ గీతల మీద వేలు ఆనించి, "నీ ఒక్కనిది కాదురా. కాగితం చేతికొచ్చినంక నేను మొఖాలు సూసుడు బంద్ చేసిన. అడగొద్దని నోర్లు మూసింది గూడ నేనే" అంది. ఆ రోజు నుంచి ఆ నియమం లేదు. పని మానేసేదాకా ప్రతి ఉదయం చివర్న వనజ పేరు పిలిచి, ఒక ఊపిరంత సేపు ఆగి, "ఇంకెవరన్న మిగిలిన్రా? అడుగున్రి" అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు వనజ ఎవరని అడిగేవారు. పాతవాళ్ళు గోడ చివరికి చూసేవారు. ఆమె మళ్ళీ కనిపించలేదు. అక్క పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

మొన్న ఆ ఫ్లాపీలో నేను రాసిన 'ఒకటి తీసెయ్' అలాగే ఉంది. దాన్ని తుడిచేసి నడిపించాను. పేర్లు ఎనభై ఆరు, మొత్తం ఎనభై ఏడు. ఆ వయసులో తెలియనిది ఇప్పుడు తెలుసు. పేరు తీసెయ్యమంటే ఆ యంత్రం తీసేయదు. పక్కన ఒక గుర్తు పెట్టి పట్టికలో కనబడకుండా దాస్తుంది. మొత్తంలో మాత్రం కలుపుతూనే ఉంటుంది. దాచినవి చూపించమన్నాను. నలభై ఒకటో వరస మెల్లగా పైకి వచ్చింది. చిన్న నక్షత్రం గుర్తు, దాని పక్కన వనజ. యంత్రం రోజూ ఆమె ఉందనే చెప్పింది. నేనే దాని నోరు నొక్కాను.

లెక్కలో ఒకటి ఎక్కువ వస్తే నేనిప్పుడు తీసెయ్యను, వెళ్ళి మొహాలు చూస్తాను. జూబ్లీ హిల్స్ బంగళాలో షూటింగయినా, స్టూడియోలో అయినా, మనుషుల కన్నా ఒక భోజనం పొట్లం ఎక్కువే చెప్తాను. ఇన్నేళ్ళలో అది ఒక్కరోజు కూడా మిగల్లేదు. ఎవరు తీసుకున్నారని అడిగితే ఎవరూ చెప్పరు.

గీతలు ఇరవై మూడు, అన్నీ ఆమె పిలుపు కోసం గోడ దగ్గర కూర్చున్న ఉదయాలు. మొదటి ఇరవై రెండు ఉదయాలు సగం మందికి పిలుపు, అంటే ఆమెకు పదకొండు వంతులు. చివరి రోజు అందరికీ పిలుపు, అది ఇంకొకటి. వనజకు నేను ఇవ్వవలసిన వంతులు, ఈ రోజుకీ, పన్నెండు.