పైపుల మేస్త్రి గుటక

ఊళ్లో సగం కుళాయిలు ఆ పైపుల మేస్త్రి బిగించినవే. పక్షవాతం వచ్చి తగ్గాక కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి గానీ, మింగడం మాత్రం రాలేదు. గుక్కెడు నీళ్లు తాగితే చాలు, పొలమారేది.

"ఎవరో తలుచుకుంటున్నారంటారు. మిమ్మల్ని ఊరంతా తలుచుకుంటున్నట్టుంది, ఎన్ని కుళాయిలు కారుతున్నాయో ఏమో," అనేది భార్య వీపు నిమురుతూ.

ఈ వారం కూడా ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదన్నాడు డాక్టరు. బతుకంతా గొట్టాలు వేసినవాడికే గొట్టం! అంతకన్నా పెద్ద బాధ మరొకటుంది. ఆయన ముందు తినలేక, ఆవిడ వంటింటి తలుపు చాటున నిలబడి నాలుగు ముద్దలు కతుకుతోంది. పెళ్లయిన నాటి నుంచీ ఎదురెదురుగా కూర్చుని తిన్న మనుషులు మరి!

మింగడం నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వచ్చింది. "నీళ్లలో ఈ పొడి కలిపి చిక్కగా చేసుకుని, గడ్డం గుండెకేసి వంచి తాగాలి బాబాయ్‌గారూ," అంది.

మేస్త్రికి ఒళ్లు మండింది. "చిక్కటిది పోస్తే పైపు పూడుకుపోద్దమ్మా. పల్చగా పొయ్యాలి, పైపు నిటారుగా ఉండాలి. నాకు చెప్తున్నావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! అమ్మాయి అటు తిరగగానే తల వెనక్కి వాల్చి గ్లాసెత్తాడు. ఇంకేముంది, దగ్గి దగ్గి కళ్లమ్మట నీళ్లు కారాయి.

అమ్మాయి కోప్పడలేదు. "గొంతులో దారి ఒకటి కాదు, రెండు. ఒకటి పొట్టకి, ఒకటి గాలికి. మింగేటప్పుడు గాలిదారి మూసుకోవాలి. మీకిప్పుడా మూత ఆలస్యంగా పడుతోంది, నీళ్లేమో ముందే పరిగెడుతున్నాయి. చిక్కగా ఉండి, గడ్డం వంచితే నిదానంగా వస్తాయి. ఈలోగా మూత పడుతుంది."

"వాల్వు లేటన్నమాట. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అన్నాడు మేస్త్రి.

ఆనాటి నుంచి అంత బుద్ధిమంతుడు మరొకడు లేడు. గడ్డం వంచడం, చెంచాడు మింగడం, ఆపైన ఒట్టి గుటక వెయ్యడం. వారం చివర అమ్మాయి ఎదుట గిన్నెడు చిక్కటి సూపు ఒక్క దగ్గు లేకుండా ముగించాడు.

"గొట్టం అక్కర్లేదని డాక్టరుగారికి చెప్పేస్తా," అంది అమ్మాయి నవ్వుతూ.

మేస్త్రి సంతోషం పట్టలేకపోయాడు. వంటింటి వైపు తిరిగి, "కంచం తెచ్చుకో. ఇంక నిలబడి తింటే ఊరుకోను," అని కేకేశాడు.

ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది గానీ, నవ్వొకపక్క, ఏడుపొకపక్క. అది గొంతు దిగితేనా!

"తొందరేం లేదు," అన్నాడు మేస్త్రి మెల్లగా. "గడ్డం వంచి మింగవే."