మూడు ఊళ్లలో మూడు దుర్భిణులు

మా ముత్తాత జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్లకు మక్తేదారు. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే హక్కు ఆయనది. మా తాత మాలీ పటేల్, అంటే ఊరి శిస్తు వసూళ్ల పెద్ద. జమాబందీకి, అంటే ఏటా శిస్తు లెక్కలు చూడటానికి వచ్చిన అధికారులు ముందు మా గడిలో భోంచేసి ఆ తర్వాతే చావడికి వెళ్లేవారు. మా నాయిన కాలానికి మక్తా పోయింది, పటేల్‌గిరీ పోయింది, గడి వెనుక గోడ కూలింది. ఆయనకు దక్కింది నడక. వీపు వంచకుండా, చేతులు ఖాళీగా పెట్టుకుని, దారి మధ్యలో నడవడం. అదే నాకూ వచ్చింది. ఇప్పుడు నడుము నొప్పికి బెల్టు కట్టుకున్నా వీపు మాత్రం నిటారుగానే ఉంటుంది.

ఖాళీ చేతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఇంటి మగవాళ్లు బయట ఏ వస్తువునూ చేత్తో మోయరు. తాతకు గొడుగు పట్టే మనిషి వేరు, లాంతరు పట్టే మనిషి వేరు. ఆ మనుషులు పోయాక కూడా ఆనవాయితీ పోలేదు. నాయిన దానికో ఉపాయం కనిపెట్టారు. తాను తరచూ పోయే చోటల్లా ఒక్కో గొడుగు ఉంచారు. స్టేషన్ ఘన్‌పూర్‌లో టైలర్ దుకాణంలో ఒకటి, జనగామలో వకీలు ఇంట్లో ఒకటి, వరంగల్‌లో మేనమామ ఇంట్లో ఒకటి. ఇక చేతిలో గొడుగు పట్టుకుని రోడ్డు మీద నడిచే అవసరమే లేదు. వాన మాత్రం ఎప్పుడూ ఆ దుకాణానికీ బస్సుకూ మధ్యలోనే పట్టుకునేది. నాయిన పరుగెత్తేవారు కాదు. అదే నడకతో, నెత్తి మీది నుంచి నీళ్లు కారుతుండగా ఇంటికి వచ్చేవారు. అమ్మ తువాల ఇచ్చేది. గొడుగుల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

తాతకు ఇత్తడి దుర్భిణి ఒకటి ఉండేది. వేటకని హైదరాబాదులో కొన్నది. దానితో ఆయన గడి మిద్దె మీది నుంచి ఒక తోకచుక్కను చూశారట. ఊరంతా కీడు వస్తుందని భయపడి తలుపులు వేసుకుంటే, తాత మాత్రం కుర్చీ వేయించుకుని ఒక్కడే చూస్తూ కూర్చున్నారని నాయిన గొప్పగా చెప్పేవారు. నాయిన తన జీవితంలో తోకచుక్కను చూడలేదు. వచ్చిన ఒక్కసారీ మబ్బు వదల్లేదు. ఇత్తడి దుర్భిణి అప్పటికే చేయి మారింది. పోయే ముందటి సంవత్సరం కూడా, "మా బాపు చూసిండు, నేను చూడకపోతి" అన్నారు. నేను చూసి తీరాలన్న పట్టుదల నాకు అక్కడ పట్టుకుంది.

జనగామలో కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక మొదటి దుర్భిణి కొన్నాను. పది అంగుళాల అద్దం, నీళ్ల డ్రమ్ములాంటి గొట్టం. చెక్క పీట మీద అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని మా డాబా మీదికి ఇద్దరు మనుషులు ఎక్కించారు. మళ్లీ దింపే పని లేదు. శనిగ్రహం వలయాలను నేను మొదటిసారి చూసింది అందులోనే.

రెండోది భూపాలపల్లిలో మా అక్క ఇంటి కోసం. అక్క ఇల్లు ఊరి చివర, అడవి వైపు. ఒకవైపు గనుల దీపాలు ఉన్నా తూర్పు దిక్కు చీకటిగా ఉంటుంది. మూడోది మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో మా అత్తగారింటి కోసం. చిన్నది, ముందువైపు కటకం ఉన్నది, మూడు కాళ్ల స్టాండు మీద నిలబడేది. పండుగలకూ పబ్బాలకూ అక్కడే ఉంటాం కాబట్టి.

ఒక్కటి చాలదా అని అడిగినవాళ్లకు నా దగ్గర మంచి జవాబు ఉండేది. పెద్ద అద్దం మసక వెలుగులను పట్టడానికి, మధ్యరకం గ్రహాలకు, చిన్నది ఆకాశాన్ని వెడల్పుగా చూడటానికి. ఆ మాట అబద్ధం కాదు. ఈ పనిలో ఉన్నవాళ్లు దీని మీద ఏళ్ల తరబడి వాదించుకుంటారు. నేనూ ఆ వాదనలు చదివి, నా వైపువి గుర్తు పెట్టుకున్నాను. అసలు కారణం మా బావకు తెలుసు. అక్క భర్త, గనుల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నోటికి తాళం లేదు.

"బామ్మర్దీ, నీకు మూడు కావాలని కాదు. ఒక్కదాన్ని సంకల పెట్టుకొని బస్సెక్కుడు నామోషీ. గంతే."

"నామోషీ ఏంది బావా? దేనికి పనికొచ్చేది దానికుంటది."

"మూడు ఊర్లల్ల మూడు కచేరీలు పెట్టినవ్. హుజూరు ఇయ్యాల ఏ కచేరీల కూసుంటరో చుక్కలకు ఎట్ల తెలుస్తది?"

బావతో మాట పెంచుకోవడం మా ఇంటి పద్ధతి కాదు.

అయినా ఆ మూడింటితో గడిపిన ఏళ్లలో ఒకటి గమనించాను. దుర్భిణికి కూడా చేతి అలవాటు కావాలి. ఏ మర ఎంత తిప్పితే గొట్టం ఎంత కదులుతుంది, చల్లబడటానికి అద్దానికి ఎంతసేపు పడుతుంది, చూపు ఏ మూల కాస్త చెదురుతుంది, ఇవన్నీ వేళ్లకు తెలియాలి. నేను భూపాలపల్లికి రెండు మూడు నెలలకోసారి పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ అది పరాయి ఇంట్లో వంటగదిలా ఉండేది, ఏ డబ్బాలో ఏముందో తెలియదు. అది అలవాటయ్యేసరికి ఊరికి తిరిగి వచ్చే రోజు వచ్చేది. పైగా మంచి ఐపీసులు, అంటే కంటి దగ్గర పెట్టుకునే చిన్న కటకాలు, నా దగ్గర ఒక్క జతే ఉన్నాయి. అవి జేబులో పడతాయి కాబట్టి ఊరూరికీ నాతోపాటే వచ్చేవి. జేబులో ఉన్నది మోసినట్టు లెక్క కాదు.

ఆ సంవత్సరం దసరా వెళ్లిన వారానికి బావ ఫోన్ చేశాడు.

"తోకచుక్క వచ్చింది బామ్మర్దీ! పడమటి దిక్కు, పొద్దు గూకంగనే. ఉత్త కంటికే కనబడ్తున్నది. నాలుగొద్దులైతే మసకబారుతదట. జల్ది చూడు."

ఆ సాయంత్రం జనగామ డాబా మీదికి ఎక్కాను. పెద్ద దుర్భిణిని పడమరకు తిప్పి కిందికి వంచాను. గొట్టం మూతి సరిగ్గా పిట్టగోడకు ఎదురుగా ఆగింది. అది నేలమీద కూర్చునే రకం. నెత్తి మీది ఆకాశాన్ని ఎంతైనా చూపిస్తుంది కానీ అంచున ఉన్నదాన్ని చూపించాలంటే గోడ అడ్డం. దాన్ని లేపి ఎత్తు మీద పెట్టడం నా నడుము వల్ల అయ్యే పని కాదు. గోడ అవతల కొత్త ఫంక్షన్ హాలు, దాని రంగు దీపాలు. వాటి వెనక తోకచుక్క ఎక్కడుందో ఉత్త కంటికి కూడా దొరకలేదు.

బావకు ఫోన్ చేసి, భూపాలపల్లికి వస్తున్నా, అక్కడి దుర్భిణిని బయట పెట్టించమన్నాను.

"దాన్ని ఎప్పుడో చూసిన. వానకాలం చెమ్మకు అద్దం బూజు పట్టింది. నా మొఖమే కనబడ్తలేదు, తోకచుక్క ఏం కనబడ్తది?"

మిగిలింది మహబూబాబాద్. మరునాడు నా భార్యా నేనూ రైలెక్కాం. అత్తగారింట్లో చిన్న దుర్భిణి క్షేమంగా ఉంది. కటకం అద్దంలా మెరుస్తోంది. మేడ మీద స్టాండు వేసి, దాన్ని బిగించి, జేబులో చేయి పెట్టాను. ఐపీసుల డబ్బా లేదు. వానాకాలానికి ముందు భూపాలపల్లి పోయినప్పుడు అక్క బీరువాలో పెట్టి మరిచిపోయి వచ్చాను, వానాకాలమంతా వాటి అవసరమే రాలేదు. ఐపీసు లేకపోతే దుర్భిణి ఉత్త గొట్టమే. ఆ సాయంత్రం పడమటి అంచున చిన్న మబ్బు కూడా కమ్మింది కాబట్టి ఉత్త కంటితో చూసే భాగ్యమూ లేకపోయింది.

నా భార్య మెట్ల మీద కూర్చుని నవ్వింది. "దుర్బీను ఈడుంది, దాని కన్ను వదినతాన ఉంది. మామయ్య గొడుగులు యాదికొస్తున్నయి."

మా నాయిన గొడుగుల గురించి మా వాళ్లలో ఒకరు పైకి అనడం అదే మొదటిసారి.

నేను బావకు ఫోన్ చేశాను. డబ్బా తీసుకుని రమ్మందామనుకున్నాను. అది అక్కడే ఉందని చెప్పానో లేదో ఆయన అందుకున్నాడు. "నేను స్కూటరు మీద మానుకోట దాంక వచ్చుడు నాతోటి కాదు. నువ్వే దుర్బీను పట్టుకొని రా. రేపొక్కరోజే మంచిగ కనబడ్తది, ఎల్లుండి నుంచి మసకబారుతది."

కారు మాట్లాడదామని చూశాను. దసరాకు వచ్చినవాళ్లను దింపడానికి తెలిసిన కార్లన్నీ హైదరాబాద్ పోయాయి. దుర్భిణికి అట్టపెట్టె ఎప్పుడో చెదలు పట్టి పోయింది. మరునాడు మధ్యాహ్నం నా భార్య పాత చెద్దరు పరిచి, గొట్టాన్ని రెండు దిండ్ల మధ్య పెట్టి, నాలుగు మూలలూ కలిపి ముడి వేసింది. స్టాండు కాళ్లు ఒకవైపు బయటికి వచ్చాయి. చూడటానికి అచ్చం బట్టల మూట.

"మీరు మూట మోసుడు ఈ జన్మల చూస్తననుకోలే" అంది.

"సంచి ఏదైనా లేదా?"

"ఉన్నది, కని పట్టది. జర భుజం మీదికి ఎత్తుకోండ్రి. గట్ల చేతుల వేలాడేస్తే కాళ్లకు తట్టుకుంటది."

భుజం మీదికి ఎత్తుకున్నాను. వీధిలోకి దిగాక ఎవరూ నన్ను చూడలేదు. అది కొంత ఆశ్చర్యంగానే ఉండింది.

నర్సంపేటలో బస్సు మారాలి. అక్కడ బస్టాండ్‌లో మూట కింద పెట్టడానికి ఇష్టం లేక భుజం మీద అలాగే ఉంచుకుని నిలబడ్డాను. "దొరా!" అని వినిపించింది. మా ఊరి మనిషి. నాకంటే పెద్దవాడు. ఆయన తండ్రి మా తాతకు గొడుగు పట్టేవాడు. కూతురి ఇంటికి వచ్చి తిరిగి పోతున్నాడట.

"మీరు మూట మోసుడేంది దొరా? ఇటియ్యుండ్రి, నేను పట్టుకుంట."

"వద్దు."

"మంది చూస్తే ఏమనుకుంటరు?"

"అందులో అద్దం ఉంది. నా చేతిలోనే ఉండాలె."

అది నేను వినయంతో అన్న మాట కాదు. కొడుకు చేతికైనా, కలెక్టర్ చేతికైనా దాన్ని ఆ రోజు ఇచ్చేవాణ్ణి కాదు. ఆయన ఒక క్షణం చూసి, "గట్లనా" అని, బస్సు వస్తుండగానే పరుగెత్తి తన తువాలను కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. నేను ఎక్కేసరికి కిటికీ పక్క సీటు నా కోసం ఆగి ఉంది. తువాల తిరిగి ఇస్తే దులిపి మెడలో వేసుకున్నాడు. "అద్దం పైలం దొరా" అన్నాడు. నేను తల ఊపాను. ఏదైనా ఒక మాట అనాల్సింది. బస్సు కదిలింది.

ములుగు దాటేసరికి పొద్దు వాలింది. భూపాలపల్లి చేరేలోపు చీకటి పడేలా ఉందని బావకు ఫోన్ చేశాను. "నువ్వు ములుగు ఘనపూర్‌ల దిగు. నేను డబ్బా పట్టుకొని ఎదురొస్త" అన్నాడు.

అక్కడ బస్సు దిగేసరికి రోడ్డు పక్కన స్కూటర్ ఆపి నిలబడి ఉన్నాడు. నా భుజం మీది మూటను చూసి రెండు చేతులూ జోడించాడు.

"హుజూరు సవారి వచ్చిందా?"

"డబ్బా తెచ్చినవా లేదా చెప్పు."

ఊరి బయట పత్తి చేల మధ్య బండ్ల బాట మీద స్టాండు వేశాం. దుర్భిణిని బిగించి ఐపీసు పెట్టాను. సూర్యుడు దిగిన చోట ఇంకా ఎరుపు ఉంది. దాని పైన బావ వేలు చూపించాడు. సుద్దముక్కతో ఒక్కసారి గీసి వేలితో చెరిపినట్టు, నిలువుగా, పలచగా.

దుర్భిణిలో అది వేరేగా ఉంది. తల దగ్గర చిన్న పసుపు చుక్క, గట్టిగా. దాని నుంచి తోక మొదలై, చూపు అంచు దాటి పైకి పోయింది. పెద్ద దుర్భిణి అయితే తల ఒక్కటే కనిపించేది. ఈ చిన్న గొట్టంలో తలా తోకా రెండూ కలిసి ఉన్నాయి. తాత ఇత్తడి దుర్భిణి కూడా ఇంత పొడుగే ఉండేదట. నాయిన చేతులు చాపి చూపించేవారు. నేను చాలాసేపు కన్ను తీయలేదు.

పత్తి ఏరి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు మా దగ్గర ఆగారు. ముందున్న ముసలామెకు స్టాండు చూడగానే అనుమానం వచ్చింది.

"ఏంది బిడ్డా గిది? భూమి కొలుస్తున్నరా? మా చెల్క రోడ్డుకు పోతదా?"

"భూమి కాదవ్వా. తోకచుక్కను చూస్తున్నం. రా, చూడు."

ఆమె సద్ది గిన్నె కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని వంగింది. చాలాసేపు చూసింది. "ఉన్నది, ఉన్నది" అంది. వెనకున్నవాళ్లు తోసుకొస్తున్నారు. తోకచుక్క అప్పటికే చెట్ల వైపు జారుతోంది.

ఆమె లేచి నన్ను మందలింపుగా చూసింది. "గింత మందికి ఒక్కటేనా బిడ్డా దుర్బీను? ఇంకోటన్న తేకపోతివి."

బావ స్కూటర్ మీద చేయి వేసి వంగిపోయి నవ్వాడు. నవ్వు ఆగక దగ్గు వచ్చింది. ఆమెకు అర్థం కాక, "గా అయ్యకు నీళ్లియ్యుండ్రి" అంది. నేను కూడా నవ్వాను. అందరూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఆఖరున ఇంకోసారి చూద్దామని నేను వంగేసరికి చెట్ల కొమ్మలు తప్ప ఏమీ లేవు.

చెద్దరులో మళ్లీ మూట కట్టుకుని, బావ స్కూటర్ వెనక కూర్చుని, ఒళ్లో పెట్టుకుని అక్క ఇంటికి పోయాను.

అప్పటి నుంచి నేను ఎక్కడికి పోతే ఆ చిన్న దుర్భిణి అక్కడికి వస్తుంది. నా భార్య దానికి జంపఖానా గుడ్డతో గట్టి సంచి కుట్టింది, భుజానికి తగిలించుకునే పట్టీతో. చుక్కల మధ్య ఉండే మసక వెలుగుల మబ్బులు అందులో అంతగా కనబడవు. ఆ కొరత నాకు ఉంది, లేదని అనను. శని వలయాలు కూడా జనగామ డాబా మీద చూసినంత బాగా ఉండవు. అయినా ఇప్పుడు ఏ మర ఎంత తిప్పాలో చూసుకోను. జనగామ బస్టాండ్‌లో భుజాన సంచితో నిలబడి ఉంటే, పాత విద్యార్థులు కొందరు నమస్తే పెట్టి, "నేను పట్టుకుంటా సార్" అంటారు. వద్దంటాను. వీపు నిటారుగా ఉంచుకుంటే దాని బరువు పెద్దగా తెలియదు.

జనగామ పెద్ద దుర్భిణిని ఒక కాలేజీ వాళ్లు కొనుక్కుని ట్రాలీ ఆటోలో తీసుకుపోయారు. భూపాలపల్లి దానికి అద్దం పూత కొత్తగా వేయించి అక్కడే అమ్మేశాం.