బాబాయి కొడుకు

పెద్దోడు సోఫాలు బాగుచేస్తాడు. చిరిగిన గుడ్డ విప్పి, కుంగిన స్పాంజి పీకి, కొత్తది పెట్టి మళ్ళీ కుట్టేసరికి ఆ సోఫా అమ్మిన కొట్టువాడు కూడా దాన్ని గుర్తుపట్టలేడు. అతుకు కనపడకుండా కుట్టడం అతని పనితనం. ఆ పనితనం చేతికే కాదు, నోటికీ ఉందని ఒక్కసారే తేలింది. ఆ ఒక్కసారికే అతనికి నిద్ర కరువైంది.

అతను పనిచేసే కొట్టులోనే తమ్ముడు చిన్నోడు స్పాంజి కోస్తాడు. పెద్దోడు, చిన్నోడు అన్నవి తల్లి పిలుపులు. మీసాలు నెరుస్తున్నా ఇద్దరికీ అవే మిగిలాయి.

తల్లీ, కొడుకులిద్దరూ, ముగ్గురూ కలిసే ఈ దేశం వచ్చారు. ఇక్కడ ముందు సర్కారిచ్చే నంబరు పుట్టాలి, ఆ తర్వాతే మనిషి పుట్టినట్టు లెక్క. నంబరు లేనివాడికి జీతం బ్యాంకులో పడదు, ఇల్లు అద్దెకు రాదు, డాక్టరు నాడి పట్టడు. పెద్దోడికి ఇంకో చిక్కు కూడా ఉంది. నంబరు వచ్చి కొంతకాలం గడిస్తేనే భార్యనీ కూతుర్నీ పిలిపించుకోవచ్చు. చిన్నోడికి ఆ బెంగ లేదు, ఒంటికాయ సొంఠికొమ్ము.

అన్నదమ్ములకు నిజానికి మూడేళ్ళ తేడా. పెద్దోడు చిన్నప్పుడు జబ్బుచేసి బడికి వెనకబడ్డాడు. చివరికి తాత ఇద్దర్నీ ఒకేరోజు తీసుకెళ్ళి ఒకే తరగతిలో కూర్చోబెట్టాడు. హెడ్మాస్టరు పెద్దోడి వయసు కాస్త కోసి, చిన్నోడి వయసు కాస్త సాగదీసి, తరగతికి సరిపోయేలా తేదీలు వేసేశాడు. దాంతో కాగితాల్లో ఇద్దరికీ నాలుగు నెలలే తేడా. సొంతూళ్ళో అది నవ్వుకోడానికే పనికొచ్చింది. "మా ఆవిడంటే ఏమనుకున్నారు, ఏడాదికి రెండు పంటలు తీసింది" అని తండ్రి బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేసేవాడు.

నంబర్ల ఆఫీసులో కౌంటరావిడ మాత్రం నవ్వలేదు.

"ఇద్దరికీ తల్లి ఈవిడేనా? నాలుగు నెలల తేడాతో అదెలా కుదురుతుంది?" అంది.

పెద్దోడు వచ్చీరాని భాషలో బడి సంగతి ఎత్తుకున్నాడు. ఆవిడ ఓపిగ్గానే విని, అలాగైతే ఇద్దరి నంబర్లూ ఆపి విచారణకు పంపాలనీ, మీ దేశం నుంచి జవాబు వచ్చేదాకా ఏమీ చేయలేమనీ చెప్పింది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు. పెద్దోడికి కూతురు కళ్ళముందు మెదిలింది. వెళ్ళొస్తానన్నప్పుడు చొక్కా వదలని పిల్ల అది.

"సొంత తమ్ముడు కాదండీ," అన్నాడు. "మా బాబాయి కొడుకు."

వాళ్ళవి తల్లిదండ్రుల పేర్లు వేయని కొత్తరకం పాస్‌పోర్టులు, వాటిలో పుట్టిన తేదీ ఉంటుంది గానీ ఎవరి కడుపున పుట్టిందీ ఉండదు. ఇంటిపేరూ ఒకటే కాబట్టి ఆవిడ నమ్మింది. మనవాళ్ళలో బాబాయి కొడుకునీ తమ్ముడనే అంటాం కదా, ఇందులో పెద్ద అబద్ధమేముందని పెద్దోడు మనసుకు సర్దిచెప్పుకుంటున్నాడు. ఈలోగా ఆవిడ చిన్నోడి వైపు తిరిగింది.

"మరి మీ అమ్మగారు?"

తల్లి పక్క కుర్చీలోనే ఉంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. ఆమెకు ఆ భాష ఒక్క ముక్క రాదు. చిన్నోడు అన్న వంక చూశాడు. అన్న బల్ల వంక చూశాడు.

"లేరండీ. పోయారు," అన్నాడు చిన్నోడు.

తన గురించే ఏదో మంచిచెడ్డా అడుగుతున్నారనుకుని తల్లి కౌంటరావిడకు నమస్కారం పెట్టింది.

నంబర్లు వచ్చాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికింది, అదే పెద్దోడి ఖర్మ. చిన్నోడు ఆ ఊసే ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టడు, అలగడు, పొద్దున్నే లేచి అన్నకు కూడా టీ పెడతాడు. ఆ టీ తాగుతుంటే పెద్దోడికి సిగ్గేసేది. కిటికీ పక్క మంచం తమ్ముడికిచ్చాడు, చలికోటు కొనిపెట్టాడు. దొంగ గుడికి గంట కట్టించినట్టే ఉంది తన సంగతి అని తనకే తెలుసు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెబితే భార్యాబిడ్డల ప్రయాణం పోతుంది. ఆ భయంతోనే నోరు కట్టేసుకుని తిరిగాడు.

చివరికి భార్యాబిడ్డలకు అనుమతి రాబోతోందన్న కబురు వచ్చింది. అప్పుడే తల్లికి కంటి ఆపరేషన్ పడింది. రోజూ కంట్లో చుక్కలు వేసేది చిన్నోడే. "కత్తి పెట్టేటప్పుడు నా పక్కన వాడుండాలి" అని ఆమె ముందే చెప్పేసింది.

ఆసుపత్రి బల్ల దగ్గరున్న అమ్మాయి అదృష్టమో దురదృష్టమో తెలుగుపిల్ల.

"లోపలికి కన్నబిడ్డల్నే పంపుతామండీ. మీరేమవుతారు?" అని చిన్నోణ్ణి అడిగింది.

చిన్నోడు తడుముకోలేదు. "ఆవిడ మా పెద్దమ్మండీ."

తల్లి గిరుక్కున తిరిగింది. "ఏమన్నావురా?"

చిన్నోడు తలొంచుకున్నాడు. వాడలా తలొంచుకోవడం పెద్దోడు ఇక చూడలేకపోయాడు.

"వాడు కాదమ్మా, నేనన్నాను," అన్నాడు. "నంబరు ఆగిపోతుందని ఆ రోజు ఆఫీసులో వీణ్ణి బాబాయి కొడుకని చెప్పాను. నువ్వు పక్కనుండగానే వీడిచేత తల్లి పోయిందని చెప్పించాను."

"అన్నా, నోరుముయ్యి," అన్నాడు చిన్నోడు. "వదిన రావద్దూ? పాప రావద్దూ?"

పెద్దోడు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "రాసుకోమ్మా. వీడు నా తోడబుట్టినవాడు. అబద్ధం నాది."

"ఇక్కడ రాసింది నంబర్ల ఆఫీసుకూ వెళ్తుందండీ. ఆలోచించుకోండి," అంది ఆ అమ్మాయి మెల్లగా.

"రాయమ్మా."

ఆమె రాసుకుంది. ఇవాళ్టికి లోపలివాళ్ళకు తను చెప్పుకుంటానని, చిన్నోణ్ణి వెళ్ళమంది.

తల్లి చిన్నోడి మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వేసి ఆగింది.

"నన్ను చంపుకుంటే చంపుకున్నావు పెద్దోడా," అంది. "వాడి నోటితో ఎందుకు చెప్పించావురా?"

వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు, తలుపు దానంతటదే మూసుకుంది.