కొసరు వేయరాని తూకం

ముక్కుపచ్చలారని వయసులో తండ్రి పక్కన పీట మీద కూర్చుని ఇనుప గుండ్ల తూకం నేర్చి, ఆ గుండ్లు తుప్పుపట్టి మూలకు చేరాక అంకెలు వెలిగే యంత్రాన్ని చేరదీసి, నిన్న గౌనులతో పరుగెత్తుకొచ్చిన ఆడపిల్లలు నేడు తమ పిల్లల చేతులు పట్టుకుని రావడం కళ్లారా చూసి, వీధి రూపమూ మనుషుల మాటతీరూ మారినా తన చేతి అలవాటు ఒక్కటి మార్చుకోకుండా, కాలమనే మహావర్తకుడి ఎదుట చెదరక నిలిచిన చిరువర్తకురాలు మా వీధి మూల దుకాణం యజమానురాలు.

ఆ అలవాటు కొసరు. పప్పైనా పంచదారైనా, తూకం సరిపోయిన తరువాత ఆమె కుడిచేయి దానంతటదే డబ్బాలోకి వెళ్లి, మరికొంచెం తెచ్చి పొట్లంలో వేసేది. అడిగినవారికీ వేసేది, అడగనివారికీ వేసేది. పేచీ పెట్టినవారికి నోరు మూయించడానికి ఇంకాస్త ఎక్కువ వేసేది. అసలు పేరు మరుగునపడి ఆమె అందరికీ కొసరమ్మ అయింది.

కొడుకు నీటి మోటార్లు బాగుచేస్తాడు. కోడలు అద్దకం మిల్లులో రంగులు సరిచూసే పని చేస్తుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా కోడలి కడుపు పండలేదు. దుకాణానికి వచ్చినవారు ఆరా తీస్తే, "నీకు కావలసింది పప్పా, కబుర్లా?" అని కొసరమ్మ అక్కడికక్కడే తుంచేసేది. చివరకు ఒకనాడు ముగ్గురూ కలిసి సంతాన చికిత్స చేసే ఆసుపత్రి మెట్లెక్కారు.

పరీక్షలన్నీ ముగిశాక, ఒక్క పిండాన్నే గర్భంలో ఉంచుతామని డాక్టరమ్మ చెప్పింది.

"ఒకటేనా?" అంది కొసరమ్మ. "ఇంతదూరం వచ్చాం, కొసరు లేదా డాక్టరమ్మా?"

కోడలు తల దించుకుంది. "అత్తయ్యా, ఇది మన దుకాణం కాదు."

డాక్టరమ్మ నవ్వింది. "అడగాల్సిన మాటే అడిగారమ్మా. ఇక్కడ కొసరు వేస్తే తూకం తగ్గుతుంది. కవలలైతే చోటూ పంచుకోవాలి, ఆహారమూ పంచుకోవాలి. తొందరపడి పుడతారు, తేలిగ్గా పుడతారు. చికిత్సతో పుట్టే పిల్లలకి బరువు తక్కువని మీరు వినే మాటకి పెద్ద కారణం అదే."

"ఒక్కరే అయితే ఆ భయం లేదా మేడం?" అని కోడలు అడిగింది.

"అసలు లేదనను. ఒక్క బిడ్డైనా సగటున కొంచెం తేలిగ్గా పుట్టొచ్చు. ఎక్కువమంది మామూలు బరువుతోనే పుడతారు. తక్కువ పుట్టినా, చూసుకుంటే అందుకుంటారు. కానీ చూసుకోవాలంటే ముందు మనకి తెలియాలి."

సగటు సంగతి కొసరమ్మకు పట్టలేదు. తేలిక అన్న మాట మాత్రం చెవిలో గూడు కట్టుకుంది. కోడలికి నెల తప్పిన నాటినుంచి ఆ గూడులోని పిట్ట కూయని పూట లేదు. కంచం ఖాళీ అయితే చాలు, గరిటె లేచేది.

"నన్నేమన్నా బస్తా అనుకుంటున్నారా అత్తయ్యా, ఇలా కూరుతున్నారు?"

"బస్తా అయితే ఎదురు మాట్లాడదు. తిను."

నెలలు పూర్తిగా నిండకముందే, ఒక ఉదయం ఆడపిల్ల పుట్టింది. కాన్పు గది పక్కన గోడవార బల్ల మీద తూకపు యంత్రం ఉంది. నర్సు పళ్లెంలో గుడ్డ పరిచి, అంకెను సున్నా చేసి, పాపను పడుకోబెట్టింది. పాప కాళ్లు తన్నుకోవడంతో అంకెలు నిలవలేదు. చేతికి కట్టే పట్టీ అందుకోవడానికి నర్సు అటు తిరిగింది. గుడ్డ జరిగి, చిన్ని పాదాలు చల్లని రేకుకు తగులుతున్నాయి. కొసరమ్మ భుజాన మడత విప్పని తువ్వాలు ఉంది. ఆమె కుడిచేయి ఎవరి అనుమతీ అడగలేదు. తువ్వాలును పాదాల కింద పెట్టి వెనక్కి వచ్చేసింది.

పాప సద్దుమణిగింది. నర్సు ఇటు తిరిగి అంకె చూసింది. "రెండు కిలోల ఐదువందల ముప్ఫై. రెండున్నర దాటింది పెద్దమ్మా. దాటకపోతే పిల్లల వార్డులో ఉంచి రక్తంలో చక్కెర, ఒంటి వేడి చూసేవాళ్లం. ఇక తల్లి దగ్గరికే."

బయట నిలుచున్న కొడుకుతో, "గీత దాటిందిరా" అని కొసరమ్మ చెప్పింది. కోడలు బిడ్డను గుండెకు హత్తుకుని, ఇన్నేళ్ల ఎదురుచూపు ఇంత మెత్తగా ఉంటుందా అన్నట్టు కళ్లు మూసుకుంది. కొసరమ్మ, గుడ్డతోపాటే వచ్చి పాప కాళ్ల దగ్గర ఉన్న తువ్వాలు తీసి భుజాన వేసుకోబోయి, చేయి గాలిలోనే ఆపింది.

జీవితమంతా బరువులు మోసిన చేయి అది. తువ్వాలు బరువు దానికి తెలిసింది. ఆ వెంటనే, అది తూకపు పళ్లెంలోంచే వచ్చిందని కూడా తెలిసింది.

చెబితే, ఇప్పుడే ఒడి చేరిన బిడ్డను తల్లినుంచి తీసుకుపోతారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ధర్మం సూక్ష్మమని పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కొక్కప్పుడు అది ఒక తువ్వాలు మడతలో ఇమిడేటంత చిన్నదిగా ఉంటుంది. ఇంతలో కోడలు, "అత్తయ్యా, పాల కోసం నోరు తెరవడం లేదు. నిద్రలోకే జారిపోతోంది" అంది. చూసుకోవాలంటే ముందు తెలియాలన్న డాక్టరమ్మ మాట కొసరమ్మకు గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ తూకం తప్పు" అంది నర్సుతో. "కొసరు పడింది."

"కొసరేమిటి?"

"ఈ తువ్వాలు. పాదాలు చల్లబడతాయని పెట్టాను. అలవాటైన చేయి, నన్నడగలేదు."

నర్సు ముఖం ఎర్రబడింది. "తూకం మీద చేయి పెట్టొచ్చా పెద్దమ్మా? మీ దుకాణంలో నేనలా పెడితే ఊరుకుంటారా?"

"విరిచేదాన్ని" అంది కొసరమ్మ, తల వంచుకుని.

కోడలు అత్తను ఒక క్షణం చూసింది. హత్తుకున్న బిడ్డను తానే ముందుకు చాచింది. "మళ్లీ తూచండి."

ఈసారి అంకె రెండున్నరకు దిగువనే నిలిచింది. మడమ నుంచి తీసిన నెత్తుటి బొట్టులో చక్కెర తక్కువని తేలింది. పిల్లల డాక్టరు వెంటనే పాలు పట్టించాడు, వెచ్చని దీపం కింద ఉంచాడు. "ఇప్పుడే చూశాం కాబట్టి తేలికలో పోయింది" అన్నాడు. తేలిక అన్న మాట కొసరమ్మ చెవికి తీయగా వినబడటం అదే మొదటిసారి. పొద్దువాలేసరికి పాప కళ్లు తెరిచి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆపైన కొన్నాళ్లు తల్లి గుండెల మీదే, ఒంటికి ఒళ్లు ఆనించి, దుప్పటి కప్పి పడుకోబెట్టారు.

"పుట్టి బుద్ధెరిగాక మీరు కొసరు వెనక్కి తీసుకోవడం ఇదే చూడటం అత్తయ్యా" అంది కోడలు.

"తీసుకున్నది తువ్వాలేనే. పిల్లని కాదుగా."

తరువాత పాపను తూకానికి తీసుకువెళ్లినప్పుడల్లా కొసరమ్మ చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడేది. అయినా నర్సు, "చేతులు చూపించండి పెద్దమ్మా" అని తనిఖీ చేసిగాని అంకె చూసేది కాదు. ఆ అంకె వచ్చిన ప్రతిసారీ కొంత పైకే జరిగింది.

ఇప్పుడు దుకాణానికి వచ్చినవారు మనవరాలు ఎంత బరువు పుట్టిందని అడిగితే ఆమె దాచదు. "తక్కువే పుట్టింది. మిగతాది రోజూ కొంచెం కొంచెం కొసరుగా వేసుకుంటున్నాం" అంటూ, వారి పొట్లంలోనూ వేస్తుంది.

ఆ చిన్నారి శుక్లపక్షపు చంద్రరేఖలా దినదినమూ పెరుగుగాక. అడగకముందే బిడ్డను మళ్లీ తూకానికి చాచిన ఆ తల్లి ఒడి చల్లగా ఉండుగాక. నిజం చెప్పిన ఆ నాలుకా కొసరు మరువని ఆ చేయీ నిండు నూరేళ్లూ సత్తువతో నిలుచుగాక. ఆ ఇంట తూకం తప్పక, కొసరు తరగక, సర్వేశ్వరుడు ఎల్లవేళలా కాచి రక్షించుగాక.