ఎడమ చేతికి కట్టిన కట్టు

ఒకరోజు పొద్దున సేఫ్టీ షూలో నా కాలు పట్టలేదు. గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని మా లేబర్ క్యాంపు ముందు కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. లేసులు మొత్తం వదులు చేసి, ఎలాగో కాలు దూర్చి బస్సెక్కాను. కరోనా సద్దుమణిగిన ఏడాది అది. ఎండకు నీరు పట్టిందనుకున్నాను. నెల తిరిగేసరికి మొహం కూడా ఉబ్బింది. అన్నం ముందు కూర్చుంటే వాంతి వచ్చేది.

హాస్పిటల్లో బ్లడ్ టెస్టు, స్కాన్ చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, నడుంనొప్పికి మాత్రలు ఎన్నేళ్లుగా మింగుతున్నావని హిందీలో అడిగింది. వెల్డింగు పనిలో నడుం పట్టేస్తే మేమంతా మింగేవే అవి. ఆరేళ్లన్నాను. బీపీ కూడా బాగా ఎక్కువుంది. "క్రియాటినిన్ చాలా పెరిగింది, అంటే కిడ్నీలు పాడయ్యాయి. కొన్ని నెలల్లో డయాలసిస్ తప్పదు. ముందే ఫిస్టులా చేయించుకో" అంది.

ఎడమ మణికట్టు దగ్గర ధమనిని, సిరను కలిపి కుట్టారు. ఆ నరం లావై గట్టిపడితే, డయాలసిస్ సూదులు అందులోనే గుచ్చుతారు. వేలు పెడితే లోపల జుమ్మని అదిరేది. దాన్ని థ్రిల్ అంటారు. డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు జాగ్రత్తల కాగితం ఇచ్చింది. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు అరబీ. నాకు రెండూ రావు. నా ప్రాణం నిలబెట్టే మాటలు నేను చదవలేని భాషల్లో ఇచ్చి, అర్థమైందని సంతకం పెట్టించుకున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నర్సు సైగ చేసి చూపింది కాబట్టి, బరువు ఎత్తొద్దన్న ఒక్క ముక్క మాత్రం నాకు తెలిసింది.

కంపెనీకి చేతికి చిన్న ఆపరేషన్ అని మాత్రమే చెప్పాను. అంతకుముందు ఏడాది మా డ్రైవర్ ఒకాయనకు గుండెలో స్టెంట్ వేశారని తెలియగానే, వారం తిరక్కుండా ఇండియా విమానం ఎక్కించారు. అప్పటినుంచి మా క్యాంపులో రోగం దాచడం మామూలైపోయింది. షుగర్ మాత్రలు గ్యాస్ మాత్రల డబ్బాలో పెట్టుకునేవాళ్లం. నా గదిలోనే ఉండే రాజన్నది మా పక్క ఊరే, నాకంటే పెద్దవాడు. నా చేతిమీద ఉబ్బిన నరం చూసి భయపడ్డాడు.

"కిడ్నీ అని తెలిస్తే ఖలాస్ తమ్మీ. గా నరం కనవడకుంట కట్టు కట్టుకో. బెణికిందని చెప్పు. బెణికిన చెయ్యిని ఎవడు అడుగుతడు?"

మెడికల్ షాపులో సాగే బ్యాండేజీ కొన్నాను. యూనిఫాం చేతుల్లో జారిపోకూడదని గట్టిగా చుట్టాను. తొమ్మిదో రోజు స్నానానికి కట్టు విప్పితే చేతిలో అదురు లేదు.

"అన్నా, చేతిల ఏం కొట్టుకుంట లేదే."

"మంచిదే గద. వాపు దిగినట్టుంది."

ఇద్దరం సంతోషపడ్డాం. మా తెలివి అలా తెల్లారింది.

ఆ తర్వాత పన్నెండు రోజులకు చెకప్‌లో సర్జన్ స్టెతస్కోపు పెట్టి, "క్లాట్ అయింది, రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోయింది. ఆగిన రోజే వచ్చుంటే తెరవడానికి ప్రయత్నించేవాళ్లం" అన్నాడు. నాకెవరు చెప్పారని అరవాలనిపించింది. తల వంచుకుని బయటికొచ్చాను.

ఇంకో ఫిస్టులా చేసేలోపే ఊపిరాడక సైట్లో పడిపోయాను. ఎమర్జెన్సీలో మెడ పక్కన కాథెటర్ గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. రెండు వారాలకే అన్నారు. నాలుగు నెలలుంది. సర్జన్ తేదీ వాయిదా మీద వాయిదా పడింది. గొట్టం తడవకూడదని ఆ ఎండల్లో తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే తప్ప నెత్తిన నీళ్లు పోసుకోలేదు. ఒకరోజు మెషీన్ మీద ఉండగానే మంచం ఊగేంత చలి జ్వరం వచ్చింది. తర్వాత తెలివి వచ్చేసరికి ఐసీయూలో ఉన్నాను. "బ్లడ్ ఇన్ఫెక్షన్. ఆ గొట్టం గుండె దాకా పోతుంది. క్రిములూ అదే దారిన పోతాయి. ఫిస్టులా కావాలనేది అందుకే" అంది డాక్టరమ్మ. ఊళ్లో ఉన్న నా ఎనిమిదేళ్ల కూతురికి తండ్రి లేకుండా పోయేవాడు, ఒక బెణుకు అబద్ధం వల్ల.

మా ముదీర్, అంటే మేనేజరు, చూడ్డానికొచ్చాడు. "పహలే క్యోం నహీ బోలా? ముందే చెబితే స్టోర్లో కూర్చునే పని ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

"డ్రైవర్ భాయ్‌నే బోలా థా, సార్" అన్నాను. స్టెంట్ సంగతి చెప్పుకున్న డ్రైవర్‌ను పంపేశారుగా మరి.

ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అదే చేతికి మోచేతి పైన రెండో ఫిస్టులా ఉంది. మూడేళ్లుగా బాగా పనిచేస్తోంది. ముదీర్ చివరికి నన్ను స్టోర్లోనే వేశాడు, పనిముట్లు ఇచ్చి పుచ్చుకుంటాను, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతాను. రాజన్నతో రెండు నెలలు మాట్లాడలేదు. కానీ కట్టు చుట్టుకున్నది నేనే కదా. ఆయన మీద కోపం పోయింది. ఆ కాగితం మీద, ఆ వాయిదాల మీద, మమ్మల్ని దొంగల్లా దాక్కునేలా చేసినవాళ్ల మీద మాత్రం పోలేదు. పోవాల్సిన అవసరమూ నాకు కనబడలేదు.

ఫిస్టులా ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఆ చేతికి కట్టు, గడియారం, బీపీ పట్టీ, ఏదీ బిగించనివ్వకండి. రోజూ పొద్దున లేవగానే దానిమీద వేళ్లు పెట్టి చూడండి. అదురు తెలియకపోతే ఫోర్‌మన్‌ను అడగొద్దు, గదిలో దోస్తును అడగొద్దు, సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. డ్యూటీ బస్సును పోనిచ్చి, హాస్పిటల్‌కు టాక్సీ ఎక్కండి.