రెండో ఛాంబర్‌లో ఇరవై తొమ్మిది డిగ్రీల మనిషి

డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే అది లోకంలో లేనట్టే లెక్క. ఇప్పుడు పది నెలల కొడుకు రెండుసార్లు తుమ్మితే డాక్టరు చెప్పింది కూడా నమ్మలేక కూర్చుంటున్నాను గానీ, ఆ రోజుల్లో నా ధీమా వేరు. ఆ ధీమాతోనే చిలకలూరిపేట అవతల, హైవే పక్కనున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో రికార్డులు రాసే ఉద్యోగంలో చేరాను. చేరేముందు మా అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. పెళ్ళికావలసిన పిల్ల పొట్టలో చలి చేరకూడదు కాబట్టి, ఛాంబర్‌లోకి వెళ్ళినప్పుడల్లా వేడినీళ్ళ సంచి ఒకటి స్వెటర్ మీద పెట్టుకుని చున్నీతో బిగించి కట్టుకోవాలి. (నవ్వకండి. నేను కట్టుకున్నాను. నాలుగు రోజుల్లో అది ఒంట్లో భాగమైపోయి, ఉన్న సంగతే మరిచిపోయాను.)

మా ఓనరు గారు ఆ ఏడాది ఒక థర్మల్ కెమెరా కొన్నారు. అది వెలుతురును కాదు, వేడిని చూస్తుంది. వేడిగా ఉన్నది తెర మీద తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది. గోడల్లో ఎక్కడ సందు పడి చల్లదనం పోతోందో దాంతో కనిపెట్టాలి. కెమెరాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అది నా మెడలో పడింది. పుస్తకంలో ముందు పేజీలు శ్రద్ధగా చదివాను. వెనక పేజీల్లో హెచ్చరికలు ఉంటాయని తెలుసు గానీ, హెచ్చరికలు నాలాంటివాళ్ళకు కాదనుకున్నాను.

మొదటి ఛాంబర్ నిండిపోయింది. రెండోది తెరిచారు. టిక్కీలు (మిర్చి బస్తాల్ని మావైపు అలాగే అంటారు) లోపలికి వేయకముందు గోడలు చూసి రమ్మన్నారు. వెళ్ళాను. తూర్పు గోడ వైపు కెమెరా తిప్పితే అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కెమెరా దించితే లేడు. ఎత్తితే ఉన్నాడు. చదువుకున్నదాన్ని కాబట్టి కేక పెట్టలేదు. ఉష్ణోగ్రత కొలిచాను. ఇరవై తొమ్మిది. బతికున్న మనిషికి ముప్పై ఏడు ఉండాలి. ఆ లెక్కన అక్కడున్నది బతికున్న మనిషి కాదని శాస్త్రీయంగా నిర్ధారించుకుని బయటికొచ్చి రిజిస్టరులో రాశాను: ‘రెండో ఛాంబర్, తూర్పు గోడ. సందులు: లేవు. మనిషి: ఒకరు. 29 డిగ్రీలు.’

హమాలీల మేస్త్రీ తాత తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆ లైను మాత్రం ఒక్కసారికే చదివాడు.

“ఇరవై తొమ్మిదంటే ఏందమ్మాయ్?”

“బతికున్నవాళ్ళకి అంత తక్కువ ఉండదండి.”

తాత గడ్డం నిమురుకుని హమాలీల వైపు తిరిగాడు. “ఒరేయ్, మిరపకాయ ఉన్నచోట దెయ్యం నిలవదంటారు. ఇది ఇన్ని వేల టిక్కీల పక్కన కాపురం పెట్టిందంటే మామూలుది కాదు. ఎవడూ లోపలికి పోవాకండి.”

అందరూ చెట్టు నీడకు పోయి కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. గేటు దగ్గర మాత్రం సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన ట్రాక్టరు ఉంది. దాని నిండా ఆయన ఏడాది పంట. పడమట మబ్బు నల్లగా పైకి లేస్తోంది. ఎండిన కాయ తడిస్తే బూజు పట్టి తెల్లకాయైపోతుంది, దాన్ని ఎవరూ అడగరు. ఆయన టార్పాలిన్ పట్టా చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. “దెయ్యంతో నేను మాట్లాడుకుంటాలే తల్లీ. ముందు తలుపు తీయించు. వాన నీ రిజిస్టరు చూసి ఆగదుగా.”

రిజిస్టరు మళ్ళీ తెరిచి చూసుకున్నాను. నేను రాసిన ఒక్క లైను వల్ల ఆయన ట్రాక్టరు అక్కడ ఆగింది.

మిరపకాయలకు తొడిమలు తీసే ప్రార్థన పిన్ని (కరెంటు పోయినా ప్రార్థన చేస్తుంది, వచ్చినా చేస్తుంది) “పద, నేనొస్తా” అంది. ఇద్దరం వెళ్ళి కెమెరా ఎత్తాం. తెర మీద ఇద్దరున్నారు. బయటికొచ్చి ఆ సంగతి చెప్పాను. తాతకు పరువు అడ్డొచ్చి తనూ వచ్చాడు. ఈసారి ముగ్గురు.

“మనం ఎంతమందిమి వస్తే వాళ్ళూ అంతమందే వస్తున్నారు. మర్యాద తెలిసినోళ్ళే” అన్నాడు తాత, తెరలోకి వంగి. “అది సరేగానీ అమ్మాయ్, నడిమధ్య దానికి పొట్ట కాడ అట్టా తెల్లగా మండతందేంది?”

నేను తెర చూశాను. తర్వాత నా పొట్ట చూసుకున్నాను. చున్నీ ముడి విప్పి వేడినీళ్ళ సంచి తీసి పిన్ని చేతికిచ్చాను. తెర మీద నడిమధ్య దెయ్యం కూడా ఒక తెల్లటి ముద్దను పక్క దెయ్యానికి అందించింది. పక్క దెయ్యం దాన్ని చెంపకు ఆనించుకుంది. పక్కకు చూస్తే పిన్ని కూడా అదే పని చేస్తోంది. “వెచ్చగుంది” అంది.

విషయం ఏమిటంటే, తోపుడు బండ్లు తగిలి గోడ దెబ్బతింటోందని తూర్పు వైపు మనిషెత్తు అల్యూమినియం రేకు కొత్తగా కొట్టారు. మసక రేకు. మామూలుగా చూస్తే అందులో నీడ కూడా సరిగ్గా పడదు. కంటికి మసకైనా వేడికి మాత్రం అది అద్దమే. మన ఒంటి వేడి దానికి తగిలి తిరిగొస్తే కెమెరా దాన్నే మనిషిగా చూపిస్తుంది. ఆ అద్దం మనం పంపిన వేడినంతా తిప్పి పంపదు కాబట్టి అంకె తక్కువ పడుతుంది. (ఇదంతా ఆ పుస్తకం వెనక పేజీల్లో ఉంది.) తాత ఒక ఖాళీ గోనెపట్టా తెచ్చి రేకు మీద వేలాడదీశాడు. పట్టా ఉన్నంత మేర దెయ్యాలు లేవు.

ట్రాక్టరులో ఆఖరి టిక్కీ లోపలికి వెళ్ళాక చినుకులు మొదలయ్యాయి. ఆ రైతు పట్టా మడిచి ట్రాక్టరులో వేసుకుని వెళ్ళిపోయాడు. తాత మాత్రం ఎందుకైనా మంచిదని గుప్పెడు మిరపకాయలు నా చుట్టూ తిప్పి వసారాలో నిప్పుల మీద వేశాడు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. అందరం కళ్ళు తుడుచుకుంటూ దగ్గాం. గోనెపట్టా, మిరపకాయలు, రెండు పరీక్షలూ ఒకే ఫలితం చూపించాయి. రిజిస్టరులో ‘మనిషి: ఒకరు’ కొట్టేసి పక్కన ‘నేనే’ అని రాసి సంతకం పెట్టాను.

వెళ్తూ వెళ్తూ పిన్ని సంచి తిరిగిచ్చి, “నిజంగానే నీ పొట్ట అట్టా వెలిగే రోజు వస్తదిలే” అంది. అప్పుడు సిగ్గుపడి కోపం నటించాను.

ఆ రోజు వచ్చింది, వెళ్ళింది కూడా. వెలిగినవాడు ఇప్పుడు నా పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు. ఇది రాస్తూ రాస్తూ వాడి చంకలో థర్మామీటరు పెట్టాను. ముప్పై ఆరు పాయింటు ఎనిమిది. ఇరవై తొమ్మిది చూసి కేక పెట్టని పిల్ల ఎక్కడికి పోయిందో తెలియదు. ఈసారి థర్మామీటరు డబ్బాలో ఉన్న కాగితం వెనక వైపు కూడా చదివాను. జ్వరం లేదు. అయినా మళ్ళీ పెట్టి చూశాను.