అక్క మింగిన గుక్క

మా అక్క ఉద్యోగం విస్కీ రుచి చూడటం. ఈ మాట చెప్పగానే జనం పళ్లికిలించి "మాకూ ఇప్పించకూడదూ" అంటారు. వినీ వినీ నాకు ఒళ్లు మండిపోతుంది. దిగుమతయ్యే సింగిల్ మాల్ట్ స్కాచ్ అమ్మకానికి వెళ్లేముందు దాని బాగోగులు ఆవిడ తేల్చాలి. రంగు చూసి మోసపోకుండా నీలం గ్లాసు వాడతారు. ముందు వాసన చూడాలి. నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడాలి. చివర ఒక్క గుక్క నాలుక మీద తిప్పి, పక్కనున్న స్టీలు మగ్గులో ఉమ్మెయ్యాలి.

మా నాన్నను తాగుడే పొట్టన పెట్టుకుంది. కొట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. తాగిన రోజు మరీ మర్యాదస్తుడైపోయేవాడు. "పెద్దమ్మాయిగారూ, తమరు భోంచేశారా?" అని కన్నకూతుళ్లకే చేతులు జోడించేవాడు. ఆ మర్యాద వినపడితే మా పై ప్రాణాలు పైనే పోయేవి. ఓ రోజు అలాగే మెట్లకు దణ్ణం పెడుతూ జారిపడ్డాడు, మళ్లీ లేవలేదు. అక్క ఈ ఉద్యోగంలో చేరతానంటే అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "ముక్కుతో చేసే పనే అమ్మా, గొంతుతో కాదు" అని అక్క ఒట్టేసి చెప్పింది.

మొన్న పొద్దున ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఇవాళ నా మగ్గు పొడిగా ఉందే."

నాకు అర్థం కాలేదు. పొగ వాసన, తేనె తీపి, చివర కాస్త ఉప్పు తగిలే మంచి సరుకట. గ్లాసులన్నీ చూసి, మార్కులు వేసి, కడుగుదామని మగ్గు తీస్తే అందులో తడే లేదట.

"తెలిసి మింగితే తిట్టుకునేదాన్ని. తెలియకుండానే దిగిపోయిందే. నాన్నకీ ఇలాగే మొదలైందేమో" అంది.

ధైర్యం చెప్పాల్సింది పోయి నేనే భయపడ్డాను. నేనూ ఆయన కూతుర్నేగా.

మర్నాడు అక్క గ్లాసు ముట్టుకోలేదు. తనకు పని నేర్పిన పెద్దాయన పక్క కుర్చీలోనే కూర్చుని రుచి చూస్తాడు. ఆఫీసంతా ఆయన్ను ముక్కు బాబాయ్ అంటుంది. ఆయన తన వంతు ముగించేదాకా ఆగి అడిగింది.

"బాబాయ్, రేపట్నుంచి నా గొంతు మీద ఓ కన్నేసి ఉంచండి. కదిలిందంటే నన్ను ఈ బల్ల దగ్గర్నుంచి లేపేయండి."

ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. తన మగ్గు తీసి ఆమె ముందు బోర్లించాడు. ఒక్క చుక్క పడలేదు.

"ఎన్నాళ్లుగా బాబాయ్?"

"నువ్వు చేరకముందు నుంచే. నువ్వు ఉమ్మినప్పుడల్లా నాకు సిగ్గేసేదమ్మా." బోర్లించిన మగ్గును మళ్లీ నిలబెట్టాడు. "నీ గొంతు నేను చూస్తాలే. మరి నాది ఎవరు చూస్తారు?"

అక్కకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించిందట. పారిపోలేదు. కుర్చీ లాక్కుని, ఆయన గొంతు కనపడేలా ఎదురుగా కూర్చుంది.